ఆదివారం అరగంట

కుడి మణికట్టుకి వేసిన సిమెంటు కట్టు విప్పిన రోజున, కుర్ర డాక్టరు నా స్కాన్ కాగితం చూసి, "ఎముకలు గుల్లబారాయమ్మా. వారానికో మాత్ర రాస్తున్నాను. దాన్ని వేసుకోవడానికి ఒక పద్ధతుంది" అని మొదలుపెట్టాడు.

నేను మధ్యలో అందుకున్నాను. "పొద్దున్నే పరగడుపున. గ్లాసుడు ఉత్త మంచినీళ్ళతో. కాఫీ లేదు, టీ లేదు, పాలు లేవు, మజ్జిగ అసలే లేదు. వేసుకున్నాక అరగంట నిటారుగా ఉండాలి, నడుం వాల్చకూడదు. అంతేనా బాబూ?"

ఆయన పెన్ను పక్కన పెట్టేశాడు. "నర్సుగా చేసి రిటైరయ్యారా?"

"లేదు బాబూ, ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని."

"మరి మజ్జిగ సంగతి అంత గట్టిగా చెప్పారేంటండి? ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరో చెప్పార్లెండి" అని చీటీ తీసుకుని వచ్చేశాను. అరవై దాటాక కూడా అబద్ధం చెబుతుంటే చెవులు వేడెక్కాయి. మందుల షాపు మెట్లమీద నిలబడి ఆ చీటీ చూసుకుంటుంటే, ఎత్తు స్టూలు మీద కాళ్ళు వేలాడేసుకుని కూచున్న ఓ పొట్టి మనిషి కళ్ళముందు కనబడి, "ఎవరో ఏంటమ్మా, ఆ ఎవరోకి పేరు లేదా?" అని గద్దించినట్టయింది.

ఆవిణ్ణి మేమంతా ట్రేసరు గారు అనేవాళ్ళం. పేరుతో పిలవగా నేను వినలేదు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన కాలువలూ తూములూ లాకుల బొమ్మల మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, నల్ల సిరాతో మళ్ళీ గీయడం ఆవిడ ఉద్యోగం. మనిషి ఐదడుగులు కూడా లేరు. నోరు మాత్రం ఆఫీసు గేటు దాకా వినబడేది. రవిక మడతలో ఓ అగ్గిపెట్టె, అందులో సగం బ్లేడు ఎప్పుడూ ఉండేవి. గీత తప్పు పడితే ఆ బ్లేడుతో సిరా గీకి, గోరుతో రుద్ది, అక్కడ తప్పు జరిగినట్టు పుట్టించినవాడిక్కూడా తెలియకుండా చేసేవారు.

తప్పు తనదయితే అలా చడీచప్పుడూ లేకుండా తుడిచేసేవారు. ఇంకొకరిదయితే ఊరుకునేవారు కాదు. బొమ్మని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, "ఈ పిల్లకాలువ ఎవరిదండీ? నీళ్ళు గట్టెక్కి మేడమీదకి వెళ్తున్నాయి!" అని అరిచేవారు. గీసిన ఇంజనీరు గారు మొహం మాడ్చుకుని వచ్చి పట్టుకెళ్ళాల్సిందే. ఎంత పెద్దాఫీసరయినా మినహాయింపు లేదు. "ఇంతమందిలో ఎందుకండీ, పక్కకి పిలిచి చెప్పొచ్చుగా" అని నేనోసారి అంటే, "తప్పుకి పేరుండాలమ్మా. పేరు లేకపోతే రేపు అది నా నెత్తిమీదకొస్తుంది" అన్నారు.

సొంత సంగతులు అడిగితే దాపరికం లేదు. "నాకు పోయినవి రెండు. ఒకటి మొగుడు, రెండు గర్భసంచి. రెండూ ఉన్నన్నాళ్ళూ నొప్పే, పోయాక హాయిగా ఉంది" అనేవారు, కొత్తగా చేరిన మగపిల్లల ముందు కూడా. వాళ్ళు ఫైళ్ళలో తలలు దూర్చేసేవారు. ఆ మొగుడు ఎటు పోయాడో నాకు తెలీదు. గర్భసంచి మాత్రం ముప్పై రెండో ఏట పోయింది. ఆ రోజుల్లో మా వైపు కడుపునొప్పని వెళ్తే చాలు, తీసి పళ్ళెంలో పెట్టి చూపించేవారు. ఆవిడకి దాంతోపాటు అండాశయాలు కూడా తీసేశారు. ఎందుకని ఆవిడా అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆఫీసుకి దగ్గర్లోనే ఓ మేడమీద గదిలో ఉండేవారు. ఇరవై రెండు మెట్లు, ఒకవైపు గోడ, రెండోవైపు గాలి. గదిలో కిటికీ తెరిస్తే గోదావరీ, ఆనకట్టా కనబడేవి. పొద్దున్నే ఆ కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగకపోతే ఆవిడకి రోజు మొదలయ్యేది కాదు. "రోజూ గోదావరిని చూస్తూ కాఫీ, ఎంత అదృష్టమండీ" అన్నానోసారి. "గోదావరెవరిక్కావాలి? ఆనకట్టమీద లారీ ఆగిపోయిందంటే అవతలి గట్టునుంచి రావాల్సిన మన హెడ్‌గుమాస్తా లేటని తెలుస్తుంది. ఆవేళ తీరిగ్గా వెళ్ళొచ్చు" అన్నారు. ఆ గదన్నా ఆ కిటికీ అన్నా ఆవిడకి ప్రాణం. కానీ ఆ మాట నోటితో చెప్పే రకం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వానాకాలం ఓ పొద్దున ఆఫీసు వరండాలో జారి కుడిచెయ్యి నేలకి ఆనించారు. మణికట్టు పుటుక్కుమంది. నెలన్నర కట్టు. ఆ నెలన్నరా ఎడంచేత్తో స్కేలు పట్టుకుని, నాచేత గీతలు గీయించి, గీసిన ప్రతిదానికీ నన్ను తిట్టారు. కట్టు విప్పిన మూడు నెలలకి, చెమ్మకి బిగుసుకుపోయిన మ్యాపుల బీరువా సొరుగుని రెండు చేతులా లాగారు. సొరుగు రాలేదు గానీ వెన్నుపూస నలిగింది. పడలేదు, దెబ్బ తగల్లేదు, ఊరికే లాగారంతే. అప్పుడే రాజమండ్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ ఓ చిన్న మెషీన్లో మడమ పెట్టమన్నారు.

"మడమ చూసి వెన్నెముక సంగతి చెబుతారాండీ? జాతకాలకంటే నయమే" అని మడమ పెట్టారు ట్రేసరు గారు.

డాక్టరు గారు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. గర్భసంచి ఎప్పుడు తీశారని అడిగి, తలూపి, "అదేనండి. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకి ఆసరా పోతుంది. ఏళ్ళ తరబడి లోపల గుల్లబారిపోతున్నాయి" అన్నారు. బయటికొచ్చాక ఆవిడ, "మొగుడే నయం, పోతూ పోతూ ఎముకలు పట్టుకుపోలేదు" అన్నారు.

ఈలోగా రావులపాలెంలో ఉన్న తమ్ముడికి కబురందింది. అరటి గెలల వ్యాపారి, బంగారంలాంటి మనిషి. అక్క అంటే ప్రాణం. వచ్చీరాగానే అత్తం అరటిపళ్ళు బల్లమీద పెట్టి, "అక్కా, ఈ మెట్లూ నువ్వూ నా కంట్లో నలుసులాగా ఉన్నారు. మా ఇంట్లో కింద గది ఖాళీ చేయించాను. నీ మరదలు కాలు కింద పెట్టనివ్వదు" అన్నాడు.

"అదేరా నా భయం" అన్నారావిడ. "మంచమ్మీద కూచోబెట్టి, చేతికి అరటిపండిచ్చి, గంటకోసారి ఎవరో ఒకరొచ్చి ఎలా ఉందని అడుగుతారు. నెల తిరిగేసరికి నేను నిజంగానే రోగిష్టిదాన్నయిపోతాను."

గంటసేపు వాదించుకుని ఒప్పందానికొచ్చారు. నా ముందే. "మందు వాడతాను. మందు వాడుతుండగా ఇంకో ఎముక విరిగిందా, నోరు మూసుకుని మీ ఇంటికొచ్చేస్తాను. విరక్కపోతే నువ్వు నోరు మూసుకో." తమ్ముడు అక్క చేతిలో చెయ్యి వేసి మరీ ఒప్పుకున్నాడు.

ఇహ మందు ఎంచుకోవడం. డాక్టరు గారు మూడు దారులు చెప్పి ఆలోచించుకు రమ్మన్నారు. ఆఫీసులో తలా ఒకటి చెప్పారు. మామూలు మనుషులైతే ఎవరో ఒకరి మాట విని ఊరుకుంటారు. ఆవిడ టెండర్లు పిలిచినట్టు పిలిచారు. పెద్ద ట్రేసింగ్ గుడ్డ ముక్కమీద నల్లసిరాతో గళ్ళు గీసి, మా ఆఫీసులో కాంట్రాక్టరుని ఎంచేటప్పుడు తయారుచేసే పోలిక పట్టిక ఎలా ఉంటుందో అలాగే తయారుచేశారు. నిలువు గళ్ళు మూడే. ఎన్నిసార్లు, ఏం మానాలి, ఎవరి దయ కావాలి.

ముక్కులో కొట్టుకునే మందు రోజూ ఒకసారి. మానాల్సింది ఏమీ లేదు. కానీ ఫ్రిజ్జులో పెట్టాలి. ఆవిడకి ఫ్రిజ్జు లేదు. ఎవరి దయ కావాలి అన్నచోట 'కింద వాటా ఇంటావిడది, ఆవిడ చేపల కూరది' అని రాశారు. ఇంజక్షనుకి 'పొడిచేవాళ్ళది'. మా అటెండరు చెప్పిన నల్లేరు పచ్చడికి 'గట్టుమీద కోసుకొచ్చేవాళ్ళది, దురద భరించే నాలుకది'. ఎవరో పొట్టేలు కాళ్ళ సూపన్నారు. అక్కడ 'పొట్టేలుది' అని రాశారు. చిట్టచివర వారానికో మాత్ర. ఒక్కరోజు, అరగంట కాఫీ ఆలస్యం. మూడో గడిలో 'ఎవరిదీ కాదు'.

"ఇదే నాది" అన్నారు, ఆ గడిమీద వేలు పెట్టి. "వారంలో ఆరు రోజులు నా కాఫీ నాది. ఎవడి మొహమూ చూడక్కర్లేదు." ఆ పట్టికని చక్కగా మేకులు కొట్టి గది గోడకి తగిలించారు. పైన 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం కూడా పెట్టారు.

మొదటి ఆదివారం మాత్ర వేసుకుని, అలవాటు ప్రకారం మళ్ళీ పక్కమీద వాలారు. అక్కణ్ణించి గుండెల్లో ఒకటే మంట. సోమవారం ఆఫీసుకొచ్చి, "నిప్పు కణిక మింగినట్టుందమ్మా, ఈ మందు నా వల్ల కాదు" అన్నారు. ఆవిడ నోటినుంచి నా వల్ల కాదన్న మాట అంతకుముందు వినలేదు నేను. భయమేసింది. మాత్ర మానేస్తే రావులపాలెమే గతి అని నాకు తెలుసు. పెద్ద తెలిసినదాన్లా సలహా చెప్పాను.

"వేడి చేసిందండీ. ఘాటు మందులన్నీ అంతే. మా అమ్మ ఏ మాత్రైనా మజ్జిగతోనే వేసేది. చిక్కటి మజ్జిగతో వేసుకోండి, చల్లగా ఉంటుంది."

ఎంత ధీమాగా చెప్పానంటే, ఆవిడంతటావిడ ఎదురు ప్రశ్న వెయ్యకుండా తలూపారు. మరుసటి ఆదివారం మజ్జిగతో వేసుకున్నారు. మంట లేదు. "నీ బుర్రలో కూడా ఏదో ఉందే" అని మెచ్చుకున్నారు. ఆవిడ మెచ్చుకోవడం నా సర్వీసులో అదే మొదలు. వారం రోజులు నేను నేలమీద నడవలేదు.

పది నెలలు అలా గడిచాయి. పదకొండో నెలలో నీళ్ళ తొట్టిమీదకి వంగి, అడుగున మిగిలిన చెంబెడు నీళ్ళు తోడబోతే తొట్టి అంచు ఒత్తుకుని పక్కటెముక విరిగింది.

తమ్ముడు కారు తీసుకునే వచ్చాడు. డాక్టరు గారి గదిలో ఆవిడ ఓ కుర్చీలో, తమ్ముడు ఇంకో కుర్చీలో, నేను తలుపు దగ్గర నిలబడి. డాక్టరు గారు ఎక్సరే చూసి నిట్టూర్చారు. "ఇంచుమించు ఏడాది మందు వాడినా విరిగిందంటే, ఇంక ఒంటరిగా ఉండటం మంచిది కాదండి."

"విన్నావా అక్కా? రేపే సామాను ఎత్తించేస్తాను" అన్నాడు తమ్ముడు. నిజానికి అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ట్రేసరు గారు కుడి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని, నేలకేసి చూస్తూ కూచున్నారు. అంత చిన్నమనిషని నాకు అప్పుడే అనిపించింది.

డాక్టరు గారు చీటీ రాస్తూ, ఊరికే అడిగినట్టు, "మాత్ర చెప్పినట్టే వేసుకుంటున్నారు కదండి?" అన్నారు.

"శుభ్రంగానండి. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. పరగడుపునే, మజ్జిగతో."

డాక్టరు గారి పెన్ను ఆగింది. "దేంతో?"

"మజ్జిగతోనండి."

ఆయన రెండు చేతులా తల పట్టుకున్నారు. "ఉత్త నీళ్ళతో అని చెప్పాను కదమ్మా! మజ్జిగలో ఉండే కాల్షియం ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు. పదకొండు నెలలు మీరు మందుని మజ్జిగలో కలిపి పారబోసినట్టే. ఎవరు చెప్పారండీ మీకు మజ్జిగతో వేసుకోమని?"

తమ్ముడు కూడా, "అవునక్కా, ఎవరు చెప్పారు నీకు? ఎవరా తెలివైనవాళ్ళు?" అని కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడు కిటికీ వెలుతురుకి బొమ్మ ఎత్తిపడతారు, ఇప్పుడు నా పేరు వినబడుతుంది అనుకుని గోడకి ఆనుకున్నాను. పడాల్సిన తిట్లే. ఆవిడ పక్కటెముక విరగ్గొట్టింది నేనే.

ట్రేసరు గారు తలెత్తి నాకేసి చూశారు. ఒక్క క్షణం. తర్వాత డాక్టరు గారికేసి తిరిగారు.

"ఎవరు చెబుతారండీ నాకు? నా సొంత తెలివే. వేడి చేస్తుందని నేనే కలిపేసుకున్నాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉందక్కా" అని తమ్ముడు కూలబడ్డాడు. నేను నోరు తెరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

ఆవిడ మాత్రం కుర్చీలో సర్దుకుని నిటారుగా కూచున్నారు. గొంతులోకి ఆఫీసు గొంతు వచ్చేసింది. "డాక్టరు గారూ, ఒక్క డౌటండి. మందు ఒంటికి పట్టలేదన్నారు. అంటే మందు ఇంకా మొదలే పెట్టనట్టు కదండి?"

"ఒక రకంగా అంతేనండి."

"మొదలుపెట్టని పని ఫెయిలయిందని ఎలా రాస్తారండి? మా ఆఫీసులో అలా రాస్తే కాంట్రాక్టరు కోర్టుకెళ్తాడు." ఇంక తమ్ముడి వైపు తిరిగారు. "ఒరే, మన ఒప్పందం ఏంటి? మందు వాడుతుండగా ఎముక విరిగితే వస్తానన్నాను. మందు ఎక్కడ వాడాన్రా? మజ్జిగ తాగాను. మజ్జిగకి ఒప్పందం లేదు. ఇంకో ఏడాది గడువు ఇవ్వాలి నువ్వు, రూల్సు ప్రకారం."

డాక్టరు గారు నవ్వాపుకోలేకపోయారు. ఆవిడకీ నవ్వొచ్చి, పక్కటెముక కలుక్కుమని, "నవ్వించకండీ, చచ్చిపోతాను" అని పక్క పట్టుకున్నారు. తమ్ముడు నవ్వాలో ఏడవాలో తెలీక ఇద్దర్నీ చూశాడు. డాక్టరు గారు కళ్ళు తుడుచుకుని, "ఏడాది చూద్దామండీ. కానీ ఈసారి ఎవరో ఒకరు దగ్గరుండి వేయించాలి" అన్నారు.

కారు దిగాక మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుని, "ట్రేసరు గారూ, నేను..." అని మొదలుపెట్టాను.

"నోరు మూసుకుని ఆదివారం ఆరింటికి రా" అన్నారు.

ఆ ఆదివారం వెళ్ళేసరికి గోడమీద పట్టికలో ఆఖరి గడి మారిపోయి ఉంది. 'ఎవరిదీ కాదు' అన్న అక్షరాలు బ్లేడుతో గీకేశారు. మచ్చ కూడా లేదు. అక్కడ కొత్త సిరాతో 'కాపలా మనిషిది' అని ఉంది. మాత్ర, గ్లాసుడు మంచినీళ్ళు. ఆవిడ కిటికీ దగ్గర చేతుల్లేని చెక్క కుర్చీలో, నేను ఎదురుగా పీటమీద. మధ్యన అలారం గడియారం. ఆ అరగంటా కింద వీధిలో వెళ్ళే ప్రతివాడికీ ఓ ముక్క తగిలించేవారు. పొద్దున్నే నడకకి వెళ్ళే రిటైరయిన ఇంజనీరు గారిని చూసి, "ఆయన గీసిన కాలువ లాగే నడుస్తాడు చూడు, ఎటు వెళ్తాడో ఆయనకే తెలీదు" అనేవారు. మధ్యలో నేను వంగి కూచుంటే, "నడుం! నీకూ ఉంది వెన్నెముక" అని అదిలించేవారు.

అరగంట కాగానే లేచి స్టవ్ వెలిగించి, కమ్మగా ఒక్క గ్లాసు కాఫీ కలుపుకునేవారు. నాకు మాత్రం స్టీలు గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చేవారు. మొదటి ఆదివారం పాలు చాల్లేదేమో అనుకున్నాను. రెండో ఆదివారం గిన్నెలో పాలు కనబడుతూనే ఉన్నాయి.

"ట్రేసరు గారూ, నాక్కూడా కాఫీ ఇవ్వకూడదాండీ?"

"నీకు వేడి చేస్తుందమ్మా" అన్నారు, గోదావరికేసి చూస్తూ కాఫీ చప్పరించి.

ఆ ఒక్క మాటే. మజ్జిగ సంగతి అంతకుమించి ఎన్నడూ ఎత్తలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు. ఆదివారం మజ్జిగ మాత్రం ఒక్కసారీ తప్పించలేదు. చలికాలం వణుకుతూ తాగాను. జలుబు చేసినప్పుడు ముక్కు చీదుకుంటూ తాగాను. ఆవిడ నన్ను క్షమించారో, శిక్షించారో తేల్చుకోలేక, గ్లాసు చాటున కళ్ళు తుడుచుకున్న రోజులున్నాయి.

ఏడాది గడువు కాస్తా ఆవిడ రిటైరయ్యాక కూడా సాగింది. రెండో ఏట నాలుగో మెట్టుమీంచి జారి కింద కూలబడ్డారు. ఇంటావిడ కేకలకి జనం పోగయ్యారు. ట్రేసరు గారు నేలమీదే కూచుని మణికట్టు, మోచెయ్యి, మోకాలు, నడుం ఒక్కొక్కటే తడిమి చూసుకుని, "అన్నీ ఉన్నాయి. రావులపాలెం ఫోన్ చేసినవాళ్ళ చేతులు విరుగుతాయి" అని లేచి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మాత్ర ఇంక చాలని కొన్నాళ్ళకి డాక్టరు గారే ఆపేశారు. ఆదివారాలు మాత్రం ఆగలేదు. మొత్తం ఏడేళ్ళు ఆ గదిలోనే, ఆ కిటికీ దగ్గరే. పోయింది నిద్రలో, గుండె ఆగి. తమ్ముడొచ్చి, ఎవరినీ కిందనుంచి పాడె పట్టుకు రానివ్వకుండా, అక్కని తనూ ఓ చెయ్యి వేసి ఆ ఇరవై రెండు మెట్లూ దింపాడు. దింపినంతసేపూ, "గోడ పట్టుకోండర్రా, మెల్లిగా, గోడ పట్టుకోండి" అని ఏడుస్తూనే ఉన్నాడు.

మొన్న ఆదివారం నేను మొదటి మాత్ర వేసుకున్నాను. ఉత్త మంచినీళ్ళతో. చేతుల్లేని కుర్చీ మా ఇంట్లో లేదు. ఉన్నదాన్లోనే నిటారుగా కూచున్నాను. వీధిలో పోయేవాళ్ళ మీద ఏదైనా అందామనిపించింది గానీ నాకు ఆ నోరు లేదు. అరగంట కాగానే మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, "టైమయింది, కాఫీ కలపనా?" అన్నారు.

"మజ్జిగ ఇవ్వండి" అన్నాను.

"కాఫీ మనిషివి, పొద్దున్నే మజ్జిగేంటి? ఎవరు చెప్పారు నీకు?"

ఆ ప్రశ్నకి ఇరవై ఏళ్ళ కిందట డాక్టరు గారి గదిలో నేను చెప్పాల్సిన జవాబు, ఇంకొకరు నా బదులు చెప్పేశారు. మొన్న కుర్ర డాక్టరు అడిగినా చెప్పలేకపోయాను. గ్లాసు అందుకుని, కుర్చీ పక్కకి జరిపి ఆయనకి చోటిచ్చాను.

"నాకెవరూ చెప్పలేదండీ. నేనే చెప్పాను, ట్రేసరు గారికి. ఇలా కూచోండి."